అట్టల తాతయ్య చెప్పిన సాక్ష్యం

వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభై నాలుగవ సంవత్సరం, మార్చి నెల రెండవ తేదీ, శుక్రవారం. ఉదయమంతా ఎండ కాసి, మధ్యాహ్నం మూడు గంటలకు ఏ సూచనా లేకుండా వాన కురిసింది. కాలం కాని కాలంలో వచ్చిన వాన. అరగంట సేపు కురిసి, చేయవలసిన నష్టమంతా చేసి, ఏమీ ఎరుగనట్టు వెళ్ళిపోయింది. తేదీ ఇంత కచ్చితంగా చెప్పగలగడం నా జ్ఞాపకశక్తి గొప్పతనం కాదు. హాజరుపట్టీలో ఒక మూల ఆనాటి వాతావరణం కూడా రాసిపెట్టే అలవాటు నాకుండేది. "హాజరుపట్టీలో పిల్లల సంగతి చాలదా మాస్టారూ? మబ్బుల సంగతి మనకెందుకు?" అని మా ప్రధానోపాధ్యాయులు పరిహసించేవారు. "మబ్బులు కూడా చెప్పకుండా ఎగ్గొడతాయి కదండీ, ఒక కన్నేసి ఉంచాలి" అనేవాణ్ణి.

ఆ వానలో తడిసిన ఒక పాఠ్యపుస్తకం గురించి, దాన్ని బాగుచేయబోయిన ఒక మనిషి గురించి చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన వృత్తి పుస్తకాలకు అట్టలు కట్టడం. పిల్లలందరికీ ఆయన అట్టల తాతయ్య. అప్పటికి ఆయన వయస్సు యాభై నాలుగు మాత్రమే, కాని తల ముప్పయ్యో ఏటనే నెరిసింది. "ఈయన్ని తాతయ్య అనడం ఏమో గాని, ఆ లెక్కన నన్ను అవ్వని చేసేశారు ఈ పిల్లలు" అని ఆయన భార్య దెప్పుతూ ఉండేది.

మా పాఠశాల వెనుక గేటుకు ఎదురుగా వారిది ఒంటిగది దుకాణం. లోపలికి అడుగుపెడితే ఎడమ పక్క, పైన మరచక్రం ఉన్న ఇనుప ప్రెస్సు. కుడి పక్క పొడవైన పిడి ఉన్న కటింగు మిషను. రెంటికీ మధ్య నేలమీద జిగురు గిన్నె. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేవారు. ఆ వాసన గదికే కాదు, ఆయన చొక్కాకు, చేతులకు, చివరకు ఆదివారం గుడిలో ఆయన పక్కన కూర్చున్నవారికి కూడా పట్టుకునేది. మేమిద్దరం ఒకే సంఘంలో సభ్యులం కనుక ఆ సంగతి నాకు స్వానుభవం. పాస్టరుగారు దీర్ఘంగా ప్రార్థిస్తూ ఉంటే వాక్యానికి క్రియాపదం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసే తెలుగు మాస్టారి దుర్గుణం నాది. ఆయన మాత్రం మొదటి మాటకే కళ్ళు మూసుకునేవారు.

ఆయన పనిచేసే తీరులో ఒక విశేషం ఉంది. పుస్తకం చేతికి రాగానే తెరిచేవారు కాదు. మూసిన పుస్తకాన్ని అలాగే వెలుతురుకు పట్టి, కాగితాల అంచును చూసేవారు. బొటనవేలు తగిలి తగిలి మాసిన భాగం ఎంతవరకు ఉందో, తెల్లగా మిగిలిన భాగం ఎక్కడ మొదలైందో ఆ అంచు చెబుతుంది. నలుపు ఆగిన చోట గోటితో పుస్తకం తెరిచి, పేజీ సంఖ్య చూసి, ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టి మెల్లగా అనేవారు.

"ప్రభువా, ఈ బిడ్డ అరవై రెండో పేజీ దగ్గర ఆగింది. దాటించు."

ప్రార్థన అంతే. ఆ తరువాత సూది, మైనం రాసిన దారం. బడి అంతటిలోనూ ఏ పిల్లవాడు ఏ పాఠం దగ్గర చతికిలబడ్డాడో ఉపాధ్యాయులమైన మాకు పరీక్షల తరువాత తెలిసేది. ఆయనకు ముందే తెలిసేది. ఇక్కడ ఒక్క మాట, విషయాంతరమైనా సహించండి. పరీక్షలో నెగ్గినవారిని మనం ఉత్తీర్ణులంటాము. దాటినవారని, ఆవలి ఒడ్డు చేరినవారని ఆ మాటకు అర్థం. అయిదవ తరగతితో చదువు ఆగిపోయిన ఆ మనిషికి ఈ వ్యుత్పత్తి ఎవరూ చెప్పలేదు. అయినా ఆయన ప్రార్థనలో క్రియ అదే. నేను ముప్పై ఏళ్ళు ఆ పదం బోధించాను గాని, ఆగినవారి పక్కన నిలబడి ఆ పదం పలకలేదు.

పాఠశాల గ్రంథాలయం బాధ్యత కూడా నాదే. చిరిగిన పుస్తకాలన్నీ ఆయన దుకాణానికే వెళ్ళేవి. పుస్తకాలలో అచ్చు పక్కనున్న ఖాళీ అంచుల మీద పెన్సిలుతో రాతలు రాయడమంటే నాకు ఒళ్ళుమంట. "అచ్చు ఒకరిది, అంచు ఒకరిదీనా?" అని పిల్లల మీద కేకలు వేసేవాణ్ణి. కుట్టిన పుస్తకాన్ని మూడు వైపులా సమంగా కోయడం బైండింగులో చివరి పని. ఆ కోతను కొంచెం లోపలికి జరిపితే అంచు రాతలన్నీ పోయి పుస్తకం తెల్లగా బయటపడుతుంది. "రాతలు కనబడితే కత్తికి అప్పజెప్పండి" అని ఆయనకు చెప్పి ఉంచాను. తొమ్మిదేళ్ళు అలాగే జరిగింది.

ఆ శుక్రవారం వానలో ఆయన దుకాణంలోకి పరుగెత్తుకొచ్చిన పిల్ల మా సంఘంలోనే ఉన్న బస్సు కండక్టరు రెండవ కూతురు. పదిహేడేళ్ళది. పదవ తరగతిలో సైన్సు తప్ప అన్నీ గట్టెక్కాయి. సైన్సు మాత్రం రెండుసార్లు తప్పింది. ఆ పిల్లకు నర్సు కావాలని కోరిక. సైన్సులో నెగ్గనిదే నర్సు శిక్షణలో చేర్చుకోరు. తండ్రి మాట ఖాయం చేసేశాడు. "మూడో ట్రిప్పు ఇదే. ఈసారీ మధ్యలో ఆగిందంటే బండి షెడ్డుకే." షెడ్డు అంటే వాళ్ళ అత్త పనిచేసే మందుల ప్యాకింగు కేంద్రం. రోజంతా నిలబడి సీసాలను పెట్టెల్లో సర్దే పని. హాలుటిక్కెట్టు కోసం బడికి వచ్చి తిరిగి వెళుతుండగా వాన పట్టుకుంది. ఆ వెనుక జరిగిన సంభాషణ ఆయన భార్య నాకు పలుమార్లు చెప్పింది కనుక నా చెవులతో విన్నట్టే ఉంటుంది.

"తాతయ్యా, పుస్తకం చచ్చిపోయింది!"

"పుస్తకాలు చావవమ్మా, నడుం విరుగుతుందంతే. ఇటివ్వు. పరీక్ష ఎప్పుడు?"

"ఇరవై ఒకటిన."

"ఎన్నోసారి?"

"అడక్కు తాతయ్యా."

"సరే, అడగను. మూడోసారని నాకు తెలుసులే."

"తెలిసి అడగడమెందుకూ?"

"నువ్వు నవ్వుతావేమోనని."

"నవ్వించింది చాలు," అంది ఆయన భార్య, "ముందు ఆ పిల్లకి తువ్వాలు ఇవ్వండి. పుస్తకానికి జలుబు చెయ్యదు."

ఆ పిల్ల వెళ్ళాక ఆయన పుస్తకాన్ని కిటికీ వెలుతురుకు పట్టారు. ఆశ్చర్యం. అంచు మొదటి కాగితం నుంచి చివరి కాగితం వరకు నల్లగా ఉంది. ఎక్కడా తెలుపు లేదు. "చూశావటే, ఈ బిడ్డ ఎక్కడా ఆగలేదు!" అని భార్యను పిలిచి చూపించారట. ఆ సంతోషంలో, అడగని పని ఒకటి తలకెత్తుకున్నారు. కుట్టి ఇస్తే చాలు గదా, కాదు, గట్టి అట్ట వేసి, వీపుకు నల్లగుడ్డ అతికించి, కొత్త పుస్తకంలా చేసి ఇవ్వాలనుకున్నారు. ఆరబెట్టడం, కుట్టడం, ప్రెస్సులో బిగించడం అయ్యేసరికి సోమవారం వచ్చింది.

సోమవారం నేను ఆ దుకాణంలోనే ఉన్నాను. గ్రంథాలయం పట్టీలో ఏదో సంఖ్య తేలక సరిచూసుకుంటున్నాను. కటింగు మిషను పిడి పట్టుకుని ఆయన అడిగారు.

"మాస్టారూ, ఇందులో అంచు పొడుగునా పెన్సిలు రాతలున్నాయి. ఏం చెయ్యమంటారు?"

నేను తల ఎత్తలేదు. "కొయ్యండి. అది కూడా అడగాలా?" అన్నాను.

పిడి దిగిన చప్పుడు విన్నాను. మొద్దు మీద గొడ్డలి పడినట్టుండదు ఆ చప్పుడు. పొడి ఇసుకలో పార దిగినట్టుంటుంది.

మరునాడు, మంగళవారం సాయంత్రం ఆ పిల్ల వచ్చింది. పుస్తకం చూసి మొదట నవ్వింది. అట్ట మీద చెయ్యి రాసింది. తరువాత తెరిచింది. ఒక పేజీ, ఇంకొక పేజీ, అక్కడి నుంచి ఒక్కసారిగా మధ్యకు. నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

"ఇక్కడ గుండె ఉండేది తాతయ్యా," అంది.

ఆయనకు అర్థం కాలేదు. ఆ పిల్ల మెల్లగా చెప్పింది. అచ్చు అక్షరాల వరుసలు ఆమెకు నిలవవు. ఒక వరుస చదువుతుండగా కింది వరుస పైకి ఎక్కి వచ్చినట్టుంటుంది. చదివింది చదివినట్టే జారిపోతుంది. అందుకని మూడేళ్ళుగా ప్రతి పేజీ అంచు మీద ఆ పేజీ మొత్తాన్ని నాలుగయిదు సొంత మాటలలో రాసుకుంది, ఒక్కొక్క చోట బొమ్మ గీసుకుంది. గుండెను నాలుగు గదుల ఇల్లుగా, ఊపిరితిత్తులను రెండు తలగడలుగా. విడి నోటుపుస్తకమైతే పోతుందని భయం. పాఠ్యపుస్తకంలోనే ఉంటే ఎక్కడికి పోతుంది? అంచు మాసింది పాఠం వచ్చి కాదు. అక్కడే వేలు పెట్టుకుని మూడేళ్ళు పోరాడినందువల్ల.

ఆయన మూలనున్న గోనెసంచి వైపు నడిచారు. కోత ముక్కలు అందులోనే వేస్తారు. శనివారం శనివారం చిత్తుకాగితాలవాడు వచ్చి తీసుకుపోతాడు. సంచి నేలమీద బోర్లించారు. అప్పటికి ఆ వారం కోసినవి నాలుగు పుస్తకాలు. గడ్డి పరకల్లాంటి సన్నని తెల్ల ముక్కలు కుప్పగా పడ్డాయి. భార్యాభర్తలు, ఆ పిల్ల, ముగ్గురూ కూర్చుని ఏరారు. పెన్సిలు మరక ఉన్నవి దొరికాయి. కాని కొంచెం కొంచెంగా రెండు మూడుసార్లు కోయడంతో కత్తి అక్షరాల నడుమ నుంచి పోయింది. ఒక ముక్క మీద సగం కొమ్ము, ఒక ముక్క మీద గుండె ఇంటికి ఒక గోడ. ఏ ముక్క ఏ పేజీదో చెప్పే గుర్తు లేదు.

దీపాలు పెట్టే వేళకు ఆ పిల్ల లేచి నిలబడింది.

"వద్దు తాతయ్యా, వదిలెయ్. నేను పరీక్ష రాయను."

"అమ్మా..."

"నీ మీద కోపం లేదు. నాన్నకి వాన తడిపిందని చెప్తాలే." పుస్తకం అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

పనిరోజున ఆ దుకాణం తలుపు మూసి ఉండడం నేను మొదటిసారి చూసింది ఆ బుధవారమే. తలుపు వేసింది బయటికి పోవడానికి కాదు, లోపల కూర్చోవడానికి. తాను అంత ముచ్చటగా కట్టిన కట్టును తానే విప్పారు. నూట అరవై కాగితాలు. ఒక్కొక్క కాగితం అంచుకు రెండంగుళాల తెల్ల కాగితపు పట్టీ అతికించారు. బైండింగు పనిలో ఇంతకు మించిన వికారం ఉండదు. అతుకుల దగ్గర దళసరెక్కి, పుస్తకం ఊదిన బుగ్గల పిల్లవాడిలా తయారైంది. నలభై ఏళ్ళుగా చెయ్యి తిరిగిన పనివాడు, ఎవరైనా చూస్తే ఏమంటారోనన్న ఆలోచన లేకుండా ఉదయం నుంచి సాయంత్రం వరకు ఆ వికారాన్ని జాగ్రత్తగా కట్టారు. మరునాడు ఉదయం దాన్ని చంకన పెట్టుకుని, కండక్టరు డ్యూటీకి వెళ్ళిన వేళ చూసి వాళ్ళింటి గడప దగ్గర నిలబడ్డారు.

"నీకోసం ప్రార్థన చెయ్యడానికి రాలేదమ్మా. అది ఇంటి దగ్గరే చేసుకుంటున్నాను. పని ఉంది, రా."

"ఏం పని తాతయ్యా?"

"నేను కోసిందేంటో నాకు చెప్పాలి నువ్వు. ఒక్కో పేజీ. నేను వింటాను. నువ్వు మళ్ళీ రాసుకుంటావు."

"పదమూడు రోజులే ఉంది."

"పదమూడు రోజులుంది," అన్నారాయన.

ఆ పదమూడు సాయంత్రాలు నేను ఏదో ఒక వంకతో ఆ దుకాణానికి వెళుతూనే ఉన్నాను. కోయమన్నది నేనని ఆ పిల్లకు తెలియదు. ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆమె స్టూలు మీద కూర్చుని గుర్తు తెచ్చుకుంటూ చెప్పేది. ఆయన దారానికి మైనం రాస్తూ వినేవారు. విని ఊరుకునే మనిషి కాదు, ప్రశ్నలు వేసేవారు.

"మొక్కలు ఊపిరి పీలుస్తాయన్నావు. మరి వాటికి ముక్కెక్కడమ్మా?"

"ఆకుల అడుగున తాతయ్యా. చిన్న చిన్న రంధ్రాలుంటాయి, కంటికి కనబడవు."

"అయితే జలుబు చేస్తే ఆకులన్నీ తుమ్ముతాయా?"

"తాతయ్యా!"

"ఉండవే," అంది ఆయన భార్య గిన్నె తోముతూ, "నలభై ఏళ్ళుగా బళ్ళో ఏం చెప్తారో తెలీకుండానే పుస్తకాలకి అట్టలేశారు. ఇప్పుడు లోపలికి తొంగి చూస్తున్నారు, చూడనియ్యి."

పని మొదలుపెట్టే ముందు ఆయన ఒక్క నిమిషం కళ్ళు మూసుకునేవారు. ఆ ప్రార్థన మారిపోయిందని నాకంటే ముందు ఆ పిల్లే గమనించింది. "ప్రభువా, నా చేతిని క్షమించు. ఈ బిడ్డ పక్కన కూర్చో." అంతకు మించి ఏమీ అనేవారు కాదు.

"పాసవ్వాలని అడగవా తాతయ్యా?" అని ఒకనాడు అడిగింది.

దారం తెంపి, ముడి వేసి, ఆయన జవాబు చెప్పారు. "అడగాలనే ఉందమ్మా. కాని నేను కోసిందాన్ని ఆయన్ని అతికించమనడానికి నాకు నోరు రావట్లేదు."

పరీక్ష నాటికి నూట పన్నెండు కాగితాలు పూర్తయ్యాయి. నలభై ఎనిమిది మిగిలిపోయాయి. ఆ పిల్ల పరీక్ష రాసి వచ్చి, "ఈసారి వరుసలు కదల్లేదు తాతయ్యా. వచ్చినంతా రాశాను, రానివి వదిలేశాను. భయం మాత్రం వెయ్యలేదు" అంది.

ఫలితాలు మే నెల ముప్పయ్యవ తేదీ పత్రికలో వచ్చాయి. ఆ పిల్ల సంఖ్య లేదు. మార్కులు తెప్పించి చూస్తే సైన్సులో ముప్పై మూడు. కావలసినవి ముప్పై అయిదు. కండక్టరు కేకలు కూడా వేయలేదు. జూన్ నాలుగు, సోమవారం నుంచి ప్యాకింగుకు వెళ్ళాలని మాత్రం అన్నాడట. ఆ పిల్ల తల ఊపిందట.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం కృతజ్ఞత ఆరాధన. నెగ్గిన పిల్లలు ఒక్కొక్కరుగా ముందుకు వచ్చి, మార్కులు చెప్పి, దేవుడు తమకెలా తోడున్నాడో సాక్ష్యం చెబుతారు. ప్రతి సాక్ష్యానికి సంఘమంతా "స్తోత్రం" అంటుంది. సంతోషకరమైన ఆచారమే. అయితే ఆ ఆదివారం తప్పిన పిల్లలు గుడికి రారు. తలనొప్పి అనో, బంధువులు వచ్చారనో ఇంట్లో ఉండిపోతారు. ఏ బల్ల మీద ఎవరు లేరో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. అడగకపోవడమే మర్యాద అనుకునేవాళ్ళం.

జూన్ మూడున అలాగే జరిగింది. పదకొండుమంది పిల్లలు సాక్ష్యం చెప్పారు. కండక్టరు ఒక్కడే వచ్చి, తలుపు పక్క చివరి బల్ల మీద కూర్చున్నాడు. పదకొండవ పిల్ల కూర్చోగానే పాస్టరుగారు ముగింపు కోసం లేవబోతున్నారు. అంతలో జిగురు వాసన నా పక్క నుంచి లేచి ముందుకు కదిలింది.

"సాక్ష్యం చెప్పాలయ్యగారూ," అన్నారు అట్టల తాతయ్య.

ముందు బల్ల మీద నుంచి సంఘపెద్ద ఒకాయన నవ్వారు. "నువ్వేం పరీక్ష రాశావయ్యా?"

"రాశానండి. తప్పాను."

గుడిలో రెండు మూడు నవ్వులు వినిపించి ఆగిపోయాయి. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎదుటి బల్ల అంచు పట్టుకున్నారు.

"ఒక బిడ్డ మూడేళ్ళు కష్టపడి పుస్తకం అంచు మీద రాసుకున్న మాటల్ని నేను కోసేశాను. మంచి చేస్తున్నాననుకునే కోశాను. పరీక్ష ఇంకో పదహారు రోజులుందనగా కోశాను. ఆ బిడ్డ ఇంట్లో చెప్పలేదు. నా మీద మాట రాకూడదని వానమీదికి తోసేసింది. రెండు మార్కులు తక్కువొచ్చాయి. ఆ బిడ్డ తెలివి తక్కువై కాదు. ఆ రెండూ నా కత్తి కింద పోయాయి. ఇన్నేళ్ళు పిల్లల పుస్తకాల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాను. లోపల ఏం రాసుందో ఒక్కసారి చదివి చూళ్ళేదు."

"సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పాలి," అన్నారు సంఘపెద్ద, ఈసారి నవ్వకుండా. "తప్పులు చెప్పుకోవడానికి వేరే వేళ ఉంది."

"మేలే చెప్తున్నానండి. పోయిందనుకున్న పుస్తకాన్ని ఆ బిడ్డ మళ్ళీ మొదటి పేజీ నుంచి రాసింది. నా ఎదురుగా రాసింది. దానికి స్తోత్రం అననిస్తారా? ఇంకోటి. ఈ ఆదివారం తప్పిన పిల్లలు గుడికి రారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. ప్రార్థన కావాల్సినవాళ్ళు ఇంట్లో కూర్చున్నారు. మనమిక్కడున్నాం."

అని, వెనక్కి వచ్చి నా పక్కన కూర్చున్నారు. కోయమని నేనన్న మాట ఆయన నోట రాలేదు. అప్పుడు నేను లేచి ఉండవలసింది. వాక్యం నాలుక మీద సిద్ధంగా ఉంది, కర్త కర్మ క్రియలతో సహా. లేవలేదు.

పాస్టరుగారు లేచి ముందుకు వచ్చారు. తరువాత, "ఇంటి దగ్గరున్న పిల్లల కోసం" అని మాత్రం అని మోకరించారు. బల్లలు కిర్రుమన్నాయి. అందరం మోకరించాం. ఆ రోజు ఎవరూ బిగ్గరగా ప్రార్థించలేదు. క్రియాపదం కోసం ఎదురుచూసే అవసరం నాకు కలగలేదు.

బయట చెప్పులు తొడుక్కుంటుండగా కండక్టరు వచ్చాడు.

"అన్నా, ఆ బిడ్డ మా పిల్లేనా?"

"నేను పేరు చెప్పలేదు తమ్ముడూ."

"చెప్పక్కర్లేదు. అంచులతికించిన పుస్తకం మా ఇంట్లోనే ఉంది. ఎవడో పిచ్చివాడు అతికించాడనుకున్నాను."

"సరిగ్గానే అనుకున్నావు."

కండక్టరుకు నవ్వు రాలేదు. నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. "నాతో ఒక్క ముక్క అనలేదన్నా అది. షెడ్డు అన్నా తలూపింది. తిట్టినా బావుండేది." మళ్ళీ తనే అన్నాడు. "స్టాపుకి రెండడుగుల దూరంలో పాసింజర్ని దింపేసే కండక్టర్నా నేను? రేపు పనికొద్దని చెప్తాను. అక్టోబర్లో మళ్ళీ రాస్తుంది. కాని ఒక్క మాట."

"చెప్పు."

"ఆ పుస్తకాన్ని నువ్వు మళ్ళీ ముట్టుకోవద్దు."

"ముట్టుకోను. చదువుతుంటే వింటాను, అంతే."

అప్పుడు ఇద్దరూ నవ్వారు, ఏడుపుకు దగ్గరగా. నేను ముందుకు వెళ్ళి, "కోయమన్నది నేను" అన్నాను. కండక్టరు నా వైపు చూశాడు. అట్టల తాతయ్య నా మాట పూర్తికానివ్వలేదు. "పిడి నా చేతిలో ఉంది కదా మాస్టారూ" అని, నా భుజం మీద చెయ్యివేసి నడిపించుకు వెళ్ళారు. ఆ మాట నన్ను తేలికపరచలేదు. ఈనాటికీ పరచలేదు.

మిగిలిన నలభై ఎనిమిది కాగితాలు ఆ వానాకాలంలో పూర్తయ్యాయి. అక్టోబరులో ఆ పిల్లకు నలభై ఏడు మార్కులు వచ్చాయి. నర్సు శిక్షణకు వెళ్ళింది. ఇప్పుడు ఏదో ఆసుపత్రిలో పిల్లల వార్డు చూస్తున్నదని విన్నాను. మా సంఘంలో కృతజ్ఞత ఆరాధన కొనసాగింది గాని, అంతకుముందు ఆదివారం, అంటే ఫలితాలు ఇంకా రాకముందు, పరీక్ష రాసిన పిల్లలందరినీ కూర్చోబెట్టి ప్రార్థించడం మొదలైంది. ఆ ప్రార్థన చేయమని పాస్టరుగారు అట్టల తాతయ్యనే అడిగారు. "నాకు మాటలు రావయ్యగారూ" అని ఆయన తప్పించుకున్నారు. ప్రతి సంవత్సరం అడగడం, ప్రతి సంవత్సరం తప్పించుకోవడం. దుకాణంలో మాత్రం ఒక మార్పు వచ్చింది. పుస్తకం అంచు చూడడం మానలేదు గాని, కోసే ముందు ఒక్కొక్క పేజీ తిప్పి చదివేవారు. పని ఆలస్యమయ్యేది. గ్రంథాలయం పుస్తకాలకు అంచు రాతలు అలాగే ఉండనివ్వమని నేను చెప్పాను. ఆ రాతలు చదవడం నాకూ అలవాటైంది. వాటిలో తప్పులు బోలెడు. దిద్దలేదు.

చేతులు వణకడం మొదలయ్యాక ఆయన దుకాణం మూసి, భార్యతో కలిసి అక్క కూతురి ఇంటి దగ్గరికి మకాం మార్చారు. ఆ వాన కురిసిన పన్నెండేళ్ళకు, నేను పదవీ విరమణ చేసిన ఏడాది, ఆయన దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"మాస్టారు గారికి నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. చేతుల వణుకు అలాగే ఉంది కాబట్టి అక్షరాలు గంతులేస్తే ఏమనుకోకండి. ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. మా ఆవిడ, ఉత్తరం రాస్తున్నారా చెక్కుతున్నారా అంటోంది.

ఇక్కడి గుడిలో పరీక్షలు రాయబోయే పిల్లల కోసం వచ్చే ఆదివారం ప్రార్థన పెట్టారు. నన్ను చెయ్యమన్నారు. నాకు మాటలు రావన్నాను. ఈ పాస్టరు కుర్రవాడు వినలేదు. రాసుకుని చదవండి తాతగారూ అన్నాడు. అందుకని రాశాను. మీరు చూసి తప్పులుంటే దిద్ది పంపాలి. ఇదీ నేను రాసింది.

ప్రభువా, ఈ పిల్లలు రేపు బల్లల ముందు కూర్చుంటారు. బాగా చదివినవాళ్ళకి గర్వం రానివ్వకు. చదివింది గుర్తురాక చేతులు చల్లబడేవాళ్ళ దగ్గర కాసేపు ఉండు. వీళ్ళలో ఒకడికి లెక్కలంటే కడుపునొప్పి వస్తుంది, వాడి పేరు నీకు తెలుసు. ఒకమ్మాయి ఇంట్లో వంట చేసి, చంటివాణ్ణి నిద్రపుచ్చి, అప్పుడు చదువుతుంది. దాని కళ్ళు మూతలు పడకుండా చూడు. పేపర్లు దిద్దేవాళ్ళకి ఆ రోజు ఇంట్లో గొడవలు లేకుండా చెయ్యి. నెగ్గించమని అడుగుతున్నాను. ఇన్నాళ్ళు అడగడానికి నోరు రాలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. ఎవరి నెంబరు పేపర్లో పడదో, వాళ్ళు ఆ రోజు ఇంటికి వెళ్ళడానికి భయపడకుండా చెయ్యి. వాళ్ళు వెళ్ళేసరికి తలుపు తీసి ఉండాలి. కంచంలో అన్నం పెట్టి ఉండాలి. ఎవరూ ఏమీ అడక్కూడదు. తిన్నాక అడగొచ్చు.

ఇంతవరకే వచ్చింది మాస్టారూ. ఆమేన్ అనేముందు పిల్లల్ని ఒక నిమిషం కళ్ళు మూసుకుని, వాళ్ళకేం కావాలో వాళ్ళ మాటల్లోనే అడుక్కోమందామనుకుంటున్నాను. పైకి చెప్పక్కర్లేదు. అలా మధ్యలో ఆపొచ్చా, పద్ధతి కాదా, నాకు తెలీదు. మీరు చెప్పండి. ఆదివారం లోపల అందేట్టు రాయండి."